గట్టు మీద సున్నా

ఒక వైశాఖమాసపు మధ్యాహ్నం, మూడు గంటల వ్యవధిలో మా ఉప్పు మడుల్లో పోయినవి ఇవి.

అరవై రెండు మడుల్లో నీట మునిగినవి యాభై నాలుగు. సముద్రం వైపు గట్టు తెగిన చోట్లు మూడు. వాటిలో పెద్ద గండి నా అడుగులతో నలభై ఆరు. తీసి ఆరబెట్టిన ఉప్పు రాశులు పదకొండు ఉంటే కరిగిపోయినవి తొమ్మిది. రాశుల మీద కప్పే తాటాకు మోపులు మూడు వందల పది. గంపలు డెబ్బై. ఉప్పు గుంజే చెక్క పలకలు ఇరవై తొమ్మిది. నీటి చిక్కదనం కొలిచే గాజు గొట్టం ఒకటి, నేను పద్నాలుగేళ్లు వాడినది. పనివాళ్ల జోళ్లు ఒక్క జత కూడా పోలేదు. మనిషి ఒకరు.

ఈ పట్టీ రాసింది నేనే. ఆఫీసుకి ఇచ్చిన నష్టాల కాగితంలో మాత్రం చివరి రెండు వరసలూ లేవు. ఆ రెండూ పక్కపక్కన చూస్తే తప్ప ఆ రోజు ఏం జరిగిందో తెలియదు. మేస్త్రీ పనికి కొత్తగా వచ్చే పిల్లలు తెలుసుకోవాలని ఇప్పుడు రాస్తున్నాను.

పని సంగతి

నౌపడ చుట్టుపక్కల మడుల్లో ముప్పై మూడేళ్లు పనిచేశాను. చివరి ఇరవై ఏళ్లు, మధ్యలో కొంతకాలం తప్ప, మేస్త్రీని. తెల్లటి ఉప్పు మీద పడి కొట్టే ఎండకి చూపు తగ్గి, యాభై ఏడో ఏట మానుకున్నాను. నా చదువు ఏడో తరగతి. లెక్కలు నేర్చుకున్నది స్టేషన్లో, గూడ్సు పెట్టెల మీద రాసిన అంకెలు కూడుకుంటూ. ఎవరూ నేర్పలేదు కాబట్టి నా లెక్క మీద నాకు కాస్త గర్వం ఎక్కువ. దీని తరవాత రాసినదంతా ఆ గర్వం గురించే అనుకోవచ్చు.

కొత్తవాళ్లు ఉప్పు పనంటే ఉప్పు తియ్యడం అనుకుంటారు. మేస్త్రీ పని అది కాదు. నీళ్లు ఏ మడిలోంచి ఏ మడిలోకి ఎప్పుడు వదలాలో చూడాలి. గొట్టంలో అంకె ఇరవై అయిదు దగ్గరకి రాగానే మనుషుల్ని దింపాలి, ముప్పై దగ్గరకి పోకముందే మిగిలిన నీళ్లు బయటికి తోసెయ్యాలి. ఆలస్యమైతే ఉప్పు చేదెక్కుతుంది. నా మొదటి ఏడాది రెండు మడుల ఉప్పు అలా చేదు చేశాను. ఇవన్నీ తప్పులే గానీ దిద్దుకోగలిగినవి. ఉప్పు మళ్లీ పండుతుంది. మేస్త్రీ అసలు పని పొద్దున్న మడుల్లోకి ఎంతమందిని దింపాడో సాయంత్రానికి అంతమందినీ గట్టెక్కించడం. నాకు పని నేర్పిన కూర్మయ్య తాత ఒకసారి ఈ మాట అన్నాడు. అప్పుడు నాకు అది చిన్న లెక్కలా కనిపించింది.

కూర్మయ్య తాత

ఆయన నా ముందు మేస్త్రీ. అక్షరం రాదు. గాజు గొట్టం పట్టుకునేవాడు కాదు. నీళ్లలో చెయ్యి ముంచి, వేళ్ల మధ్య రాసి, ఇంకా రెండు రోజులు అనేవాడు. నేను గొట్టం పెట్టి చూస్తే రెండు రోజులే. నాకు ఒళ్లు మండేది.

మడిలోకి జోళ్లతో దిగకూడదు. కాళ్లతో తొక్కి తొక్కి గట్టిచేసిన బంకమన్ను నేల అది. చిన్న గంటు పడినా ఉప్పులో మన్ను కలుస్తుంది. అందుకని అందరూ జోళ్లు పెద్ద గట్టు మీద వరసగా విడిచి దిగుతారు. మా దగ్గర మనుషుల లెక్క ఆ జోళ్లతోనే.

"మడిలో మనిసిని లెక్కెట్టలేవురా. వొంగుతాడు, లెగుస్తాడు, రాశి ఎనక్కి ఎల్లిపోతాడు. జోళ్లు కదలవు. అవి లెక్కెట్టు" అనేవాడు తాత.

పొద్దున్న ఎన్ని జతలుంటే అంతమంది లోపల ఉన్నట్టు. సాయంత్రం గట్టు మీద సున్నా అయితే అందరూ పైకొచ్చినట్టు. నాకు ఎంతో నచ్చిన పద్ధతి. అయితే తాత సున్నా అయ్యాక కూడా వెంటనే కదిలేవాడు కాదు. మడుల వైపు తిరిగి, నోటి పక్కన చెయ్యి పెట్టి ఒక కేక వేసేవాడు. వేసి, తల కొంచెం వంచి, వినేవాడు. ఎవరూ పలికేవారు కాదు, ఎందుకంటే ఎవరూ ఉండేవారు కాదు. నేను మేస్త్రీ అయ్యాక జోళ్ల లెక్క ఉంచాను, కేక మానేశాను. సున్నా వచ్చాక ఇంకెవరిని పిలుస్తాం?

ఆయన దండం కూడా అలాగే ఉండేది. సూర్యుడు రాకపోతే ఉప్పు లేదు, అందుకని మా మడుల్లో పొద్దున్నే తూర్పుకి దండం పెట్టని వాళ్లు లేరు. అందరిదీ అర నిమిషం. తాతది చాలా సేపు. ఒకరోజు వాచీ పెట్టి చూశాను. ఏడు నిమిషాలు. పెదాలు కదిలింది మొదటి అర నిమిషమే.

"మిగతా ఆరున్నర నిమిషాలూ ఏటి సేస్తన్నావు తాతా?" అని అడిగాను.

"నా మాట అయిపోనాది. మిగతాది ఆయన వంతు."

"ఏటన్నాడు మరి?"

"ఇయాల ఏటీ అన్లేదు. అనకపోయినా నిలబడాల" అని దిగిపోయాడు.

నేను నవ్వి, రోజుకి ఏడు నిమిషాల చొప్పున ఏడాదికి ఎన్ని పనిగంటలు అవుతాయో మనసులో కట్టాను. నలభై గంటలు దాటింది.

నీలమ్మ

ఆ వైశాఖానికి తాత పోయి ఆరేళ్లయింది. నా కింద ముప్పై ఎనిమిది మంది. వాళ్లలో నీలమ్మ ఒకతె. నలభై దాటిన మనిషి, నోరు గలది, ఇద్దరి పని చేసేది. భర్త తవిటయ్యకి కిడ్నీలు పోయాయి. మా వైపు ఈ జబ్బు లేని వీధి లేదు. వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లేవాడు. నీలమ్మ తెచ్చుకునే కూరలో ఉప్పు ఉండేది కాదు. ఆయనకి వెయ్యనిది తనకీ వేసుకోదు. ఉప్పు మోసే మనిషి చప్పటి కూర తింటుందని మిగతా ఆడవాళ్లు వేళాకోళం చేసేవారు.

ఆయన ప్రాణం నిలబడాలని ఆమె అరసవల్లి స్వామికి మొక్కుకుంది. నలభై రోజులు కాళ్లకి జోళ్లు లేకుండా తిరగడం, ఆపైన గుడికి వెళ్లడం. మొదటిరోజు పొద్దున్నే గట్టు మీద నా దగ్గరికొచ్చి చెప్పింది.

"మేస్త్రీ, నాకు నలభై రోజులు జోళ్లుండవు. నీ లెక్కలో నేను మనిసిని కానేమో, సూసుకో. నన్ను నోటితో లెక్కెట్టుకో."

"జోళ్లు ముప్పై ఏడు, పైన నువ్వొకదానివి" అన్నాను.

"అద్దీ. పైనున్నదాన్ని నేను" అని నవ్వుకుంటూ దిగింది.

ఎనిమిది రోజులు సరిగ్గా చేశాను. గట్టు మీద సున్నా అయ్యాక "నీలమ్మా" అని పిలిచేవాణ్ని. "వచ్చీసాను, నీ పుస్తకం మూసీ" అనేది. ఆ మాట వినే ఇంటికి వెళ్లేవాణ్ని.

తొమ్మిదో రోజు వాయుగుండం కబురు ఉంది. గాలి మర్నాటి తెల్లారి తీరం దాటుతుందని ఫోన్లో చూశాను. దూరాన్ని వేగంతో భాగించి, సాయంత్రం దాకా వ్యవధి ఉందని తేల్చాను. రాశుల మీద తాటాకులు ఇంకొక వరస కప్పాలని అందరినీ దింపాను. ఏటి వైపున్న చివరి రాశి దగ్గరికి నీలమ్మని పంపింది నేనే. మూడు గంటలకి ఆకాశం నల్లబడి, గాలి తిరిగి, ఏరు ఎదురెక్కడం మొదలైంది. అందరూ పరిగెత్తుకొచ్చారు. తాటాకులు పక్షుల్లా లేస్తున్నాయి. మనుషుల్ని తుఫాను షెల్టరుకి తీసుకెళ్లే ట్రాక్టరు గట్టు కింద ఆగి హారను కొడుతోంది. నేను గట్టు చూశాను. ఒక్క జత లేదు.

"సున్నా. అందరూ వచ్చీసారు. పోనీ" అన్నాను డ్రైవరుతో.

సున్నాకి ఒకటి కలపాలి. కలపలేదు.

షెల్టరులో ఆడవాళ్లు నీలమ్మ ఏదని అడిగేసరికి సముద్రపు గట్టు తెగింది. మూడో రోజు పొద్దున్న ఆమె శవం ఏటి మలుపులో మడ పొదల దగ్గర దొరికింది.

కాగితం

మేనేజరు మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. కాగితం నిండాలి ఆయనకి. "పిలుస్తున్నా వినకుండా తనంతట తానే వెనక్కి వెళ్లింది" అని రాసి, సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఒక్క వాక్యంతో తప్పు నా మీదనుంచి ఆమె మీదికి వెళ్లిపోయింది. ఊళ్లో కూడా అదే మాట పాకింది. ఏ గంపకో, ఏ పలకకో ఆశపడి వెనక్కి పోయుంటుందని అన్నారు. చనిపోయిన మనిషికి ఆశపోతు అని పేరు. నేను విన్నాను, ఊరుకున్నాను.

కొత్త మేస్త్రీలకి ఒక మాట. మీ పైవాడు మీకు అనుకూలంగా ఒక వాక్యం రాసి ఇస్తే, అందులో ఎవరి పేరు ఉందో చూడండి.

ఆ నెలల్లో నేను చేసినంత పూజ ఎప్పుడూ చెయ్యలేదు. ప్రతి ఆదివారం బస్సులో అరసవల్లి. ప్రదక్షిణలు నూట ఎనిమిది, వేళ్ల మీద లెక్క తప్పకుండా. ఇంటి దగ్గర పొద్దున్న వెయ్యి, సాయంత్రం వెయ్యి నామం. ఆదిత్యుడి ముందు నిలబడి, నా తప్పు లేదని ఒకటికి పదిసార్లు విన్నవించుకునేవాణ్ని. నెమ్మది రాలేదు. లెక్క చాలలేదేమోనని వెయ్యిని రెండు వేలు చేశాను.

యంత్రం పక్కన

తవిటయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తోడు లేదు. నేను వెళ్తానన్నాను. జాలి అనుకున్నారు ఊళ్లో. నాకు మాత్రం అది మొహం చాటెయ్యడానికి ఇంకో దారి, మంచి చేస్తూ దాక్కోవడం. వారానికి రెండు రోజులు, రోజుకి నాలుగు గంటలు. ఆయన మంచం మీద, పక్కన యంత్రం, స్టూలు మీద నేను. ఆయన కళ్లు మూసుకుని ఉండేవాడు. నేను పెదాలు కదుపుతూ జపం లెక్క పూర్తి చేసుకునేవాణ్ని.

ఒకరోజు కళ్లు తెరవకుండానే అడిగాడు. "ఎంతవరకు వచ్చినావు మేస్త్రీ?"

"పదకొండొందల నలభై."

"దేవుడికి సందియ్యవేటి? ఆయన ఒక మాటనాలంటే నీ రెండు వేలూ అయ్యీదాకా ఆగాలేటి?"

పక్క మంచం మీది ముసలమ్మ నవ్వింది. నాకు కోపమొచ్చింది. తరవాత అడిగాను, మరి నువ్వేం చేస్తన్నావని.

"నాను అడగడం మానీసాను. అడగాల్సిందంతా అదే అడిగీసింది నా కోసం, కాళ్లు కాల్సుకుని. ఇప్పుడు ఊరికే వింటన్నాను."

ఇంటికొచ్చాక ఆ మాటా, తాత ఆరున్నర నిమిషాలూ పక్కపక్కన నిలబడ్డాయి. మర్నాడు పొద్దున్న జపం మానేశాను. తూర్పుకి తిరిగి అర నిమిషం నా మాట చెప్పుకుని, మిగతా సేపు నోరు మూసుకున్నాను. ఇది రెండు వేల నామాలకంటే కష్టం. మొదటి రోజుల్లో వినిపించినవి కాకులు, పక్కింటి మోటారు, నా మోకాళ్ల నొప్పి. నాలుగో వారంలో ఒక మాట రావడం మొదలైంది. కొత్త మాట కాదు. నన్ను నోటితో లెక్కెట్టుకో. అంతే. మర్నాడూ అదే. ఆసుపత్రి స్టూలు మీదా అదే.

అది దేవుడి మాటా, నా మనసా అని అడుగుతారు. దానికి గాజు గొట్టం లేదు. నాకు తెలిసిన కొలత ఒక్కటే చెప్తాను. నా మనసు నాతో మాట్లాడినప్పుడల్లా నాకు అనుకూలంగా మాట్లాడింది. గాలి ముందే వచ్చిందంది, ట్రాక్టరు వాడు తొందరపెట్టాడంది, ఆమె పిలవాల్సిందంది. ఈ మాట అలాంటిది కాదు. నాకు ఇష్టం లేనిది, కోపం లేనిది, రోజూ అంతే ఓపికతో వచ్చేది. నాలో అంత ఓపిక లేదు. కనుక నాది కాదు అనుకున్నాను.

కార్తీకంలో ఒక మంగళవారం, యంత్రం తిరుగుతుండగా తవిటయ్యకి చెప్పేశాను. ఎవరూ ఆమెని పిలవలేదని, ఆమె వెనక్కి పోలేదని, అసలు ముందుకే రాలేదని, అక్కడికి పంపింది నేనని, గట్టు మీద సున్నా చూసి ఆమెని కలపడం మరిచిపోయానని.

ఆయన కళ్లు తెరిచి నా వైపు తిరిగాడు.

"తెలుసు" అన్నాడు. "రోజూ ఇంటికొచ్చి సెప్పీది. మేస్త్రీ నన్ను పేరెట్టి పిలుస్తన్నాడు, మిగతావాళ్లకి జోళ్ల లెక్క, నాకు మనిసి లెక్క అని. మురిసిపోయీది. పిలిస్తే పలక్కుండా ఉండే మనిసి కాదది. నువ్వు పిలవలేదని ఆ రోజే తెలుసు నాకు."

"మరి ఇన్నాళ్లూ నన్ను పక్కన కూకోనిచ్చావేటి?"

"నువ్వొచ్చి సెప్పాలని. నాను అడిగితే అది నా మాటవుతాది."

ఇద్దరం ఏడ్చాం. నర్సు వచ్చి, బీపీ పెరుగుతుందని ఇద్దరినీ తిట్టింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్లి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. పాత కాగితం వెళ్లిపోయిందన్నాడు మేనేజరు. ఇది కూడా పంపమన్నాను. ఆ ఏడాది నన్ను మేస్త్రీ పనిలోంచి తప్పించి గంపలు మోయించారు. అది న్యాయమే. ఊళ్లో నేనే నాలుగు చోట్ల నిలబడి చెప్పాను. నీలమ్మ పేరు మీది మాట పోయింది. అన్నం రుచి నాకు ఆ వారమే మళ్లీ తెలిసింది.

మొక్కు

నేనేం చెయ్యాలో చెప్పమని తవిటయ్యని అడిగాను. క్షమించానని ఆయన అనలేదు. ఆ మాట నేనూ అడగలేదు.

"దాని మొక్కు నలభై. తొమ్మిది నడిసింది. ముప్పై ఒకటి ఉండిపోనాయి. నా కాళ్లకి శక్తి లేదు" అన్నాడు.

మళ్లీ ఎండాకాలం రాగానే మొదలుపెట్టాను. గంప నెత్తిన, జోళ్లు ఇంటి దగ్గర. వైశాఖపు రోడ్డు ఎలా ఉంటుందో, కాలిన పాదం ఉప్పునీళ్లలో పెడితే ఎలా ఉంటుందో, అదంతా ఆమె నవ్వుతూ ఎలా చేసిందో నాకు అప్పుడు తెలిసింది. ప్రతి పొద్దున్న గట్టు మీద ఏడు నిమిషాలు నిలబడేవాణ్ని. ఇప్పుడు ఏ మాటా వచ్చేది కాదు. ఖాళీగా ఉండేది. అయినా ఆ ఖాళీలో ఎవరో ఉన్నట్టు ఉండేది, పిలిస్తే పలికేంత దూరంలో. దుఃఖం తగ్గిందని చెప్పను. దాని పక్కన కూర్చోవడానికి చోటు దొరికింది. ప్రార్థన వల్ల నాకు దొరికిన ఊరట ఇంతే. ఇంతకంటే ఎక్కువ చెప్పేవాళ్లని నేను నమ్మను.

ముప్పయ్యో రోజు సాయంత్రం తవిటయ్య ఇంటికి వెళ్లి, రేపటితో సరి అన్నాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా పాదాలు చూశాడు. లోపలికెళ్లి ఒక జత జోళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. తనవే, అరిగినవి.

"రేపు ఇవేసుకుని పన్లోకెల్లు. ఆ ఒక్కటీ ఉంచీ."

మొక్కు మిగల్చకూడదంటారు కదా, స్వామికి కోపం రాదా అన్నాను.

"ఆయన రోజూ వస్తాడు కదా. తొందరేటి ఆయనకి?" అన్నాడు. "లెక్క సరిపోతే నువ్వు పుస్తకం మూసీస్తావు మేస్త్రీ. నాకు తెలుసు నీ సంగతి. ఒకటి బాకీ ఉంటే పొద్దున్నే లెగిసి నిలబడతావు."

తవిటయ్య ఇంకో మూడేళ్లు బతికాడు. రెండో ఏడు నన్ను మళ్లీ మేస్త్రీని చేశారు. మానేసే దాకా ప్రతి సాయంత్రం జోళ్లు లెక్కపెట్టాను, పేరుపేరునా పిలిచాను, సున్నా అయ్యాక మడుల వైపు తిరిగి తాతలా కేక వేశాను. వేసి ఆగాను. ట్రాక్టరు ఎంత హారను కొట్టినా ఆగాను. కుర్రాళ్లు నవ్వేవారు. మీరూ వెయ్యండి. మీ చేతిలో ఫోన్లు ఉంటాయి, వేలిముద్ర వేసే మిషన్లు వస్తాయి, మంచివే. అన్నీ అయ్యాక ఒక కేక, తరవాత వినడం. రెండోదే ముఖ్యం.

ఇప్పుడు చూపు మసక. తూర్పున వెలుగు ఎటుందో ఒంటికి తెలుస్తుంది. అటు తిరిగి నిలబడతాను. జోళ్లు వేసుకునే నిలబడతాను.

మొక్కు నలభై. నీలమ్మ నడిచినవి తొమ్మిది. నేను నడిచినవి ముప్పై.

ఈ రోజుకి బాకీ, ఒకటి.